ఒకే ఒక్క విద్యార్థిని ఉన్న నా బడి

నాలుగేళ్ళ క్రితం మా ఊరి సర్కారు బడికీ నాకూ పోటీ జరిగింది. నేను ఓడిపోయాను. అందులో విశేషం లేదు, ఓడిపోవడం నాకు కొత్త కాదు. విశేషమల్లా ఏమిటంటే, ఆ పోటీ ఏడాది పొడుగునా జరిగింది, రోజుకొకసారి చొప్పున నేను ఓడిపోతూనే ఉన్నాను, ఆ సంగతి నాకు తప్ప మా ఇంట్లోవాళ్ళకీ, కింది ఇంటివాళ్ళకీ, బహుశా వాళ్ళ బర్రెకీ కూడా తెలుసు. చదువుకున్నవాడు చదువు జోలికి వెళ్తే ఎంత నష్టం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవారు కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు.

నేను మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. మా పని మందులు తయారుచెయ్యడం కాదు, తయారుచేసినవాళ్ళు కాగితాలు సరిగ్గా నింపారో లేదో చూడడం. పదకొండేళ్ళు ఆ పనిలో నానిన మనిషి చేతికి పసిపిల్ల చదువు దొరికితే ఏమవుతుందో మీరు ఊహించగలరు. మా ఆవిడ ఉష కూడా ఊహించింది. నేనొక్కణ్ణే ఊహించలేదు.

మాది తణుకు దగ్గర. ఉద్యోగం కోసం వచ్చి గాజులరామారంలో అద్దెకుండేవాళ్ళం. కంపెనీ నన్ను శామీర్‌పేట వైపు కొత్త ప్లాంటుకు మార్చడంతో, లాల్‌గడి మలక్‌పేట్ దారిలో మల్లవ్వ ఇంట్లో పై పోర్షన్‌లో దిగాం. కింద మల్లవ్వ, ఆమె కొడుకూ కోడలూ, మనవరాలు రజిత, బయట ఒక బర్రె. మా హారిక అప్పుడే మూడో తరగతికి వచ్చింది. రజితదీ మూడో తరగతే, ఊరి సర్కారు బడిలో. హారిక పాత బడి వ్యాను ఇంత దూరం రాదు కాబట్టి మా ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి రజిత చదివే బడి, రెండోది ఇల్లు.

"నడిచి వెళ్ళేంత దూరంలో బడి ఉంది. ఇంక ఆలోచించేదేముందండీ?" అంది ఉష.

"పిల్ల తన వేగంతో తను నేర్చుకోవాలి. గుంపులో ఒకరిగా కాదు."

"మీరూ నేనూ అలాంటి బళ్ళలోనే చదివాం."

"అందుకే చెబుతున్నాను."

ఉష "మీ విషయంలో మీరన్నది నిజమేనేమోలెండి" అని లేచి వెళ్ళిపోయింది. నేను దాన్ని అంగీకారంగా నమోదు చేసుకున్నాను.

నాది రెండో షిఫ్టు. పొద్దున్నంతా ఖాళీ. మధ్యాహ్నం నేను డ్యూటీకి వెళ్తే, మేడ్చల్ ఆసుపత్రి ల్యాబులో పనిచేసే ఉష సాయంత్రం వచ్చేదాకా పిల్ల మల్లవ్వ దగ్గర ఉంటుంది. ఏర్పాటు పక్కాగా ఉంది. చిన్న గదిలో బల్ల వేశాను, గోడకు టైంటేబుల్ అంటించాను, నాలుగు రంగుల్లో నాలుగు ఫైళ్ళు తెరిచాను. పుస్తకాలు కొనడం తర్వాత గుర్తొచ్చింది.

మొదటి రోజు హాజరు పిలిచాను. ఒక్కరే ఉన్నా పిలవడం పద్ధతి.

"హారిక."

"ఇక్కడే ఉన్నాగా నాన్నా."

"'ప్రెజెంట్ సార్' అనాలి."

"సారెవరు?"

ఇలా క్రమశిక్షణ కుదురుకున్నాక కూడికల్లోకి దిగాం. ఇరవై ఏడుకు పదిహేను కలిపితే పన్నెండులో ఒకటి పక్కకు ఎందుకు వెళ్తుందో స్థానవిలువ సిద్ధాంతంతో సహా నలభై నిమిషాలు వివరించాను. మూడు పటాలు గీశాను. తల తిప్పి చూస్తే పిల్ల బల్ల మీద చెంప ఆన్చి ఉంది. "విద్యార్థిని కళ్ళు మూసుకుని ఏకాగ్రతతో వింది" అని ఫైల్లో రాశాను.

లేచాక అడిగింది. "నాన్నా, మన బడిలోకి ఇంకెవరైనా వస్తారా?"

"రారమ్మా. అదే మన బడి గొప్పతనం."

"మరి ఇంటర్వెల్‌లో ఎవరితో ఆడుకోవాలి?"

నాలుగు ఫైళ్ళూ తిరగేసి, "నాతో" అన్నాను. మర్యాద తెలిసిన పిల్ల, తలూపింది. పొద్దున రజిత సంచీ తగిలించుకుని బయల్దేరే వేళకు మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేది. స్వచ్ఛమైన గాలి కోసమని నేను అనుకునేవాణ్ణి.

మల్లవ్వ ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపింది. "ఏం సారూ, పిల్లను గా అర్రల ఒక్కదాన్నే కూసవెడ్తున్నవ్. కోడిపిల్లను గంప కింద కమ్మినట్టు."

"ఇది కొత్త పద్ధతి అవ్వా."

"కొత్తదైతె కానీ బిడ్డా. నవ్వుతలేదు పిల్ల."

నవ్వు మా ప్రణాళికలో లేదు. అయినా ఆగస్టు వచ్చేసరికి పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. అంతేకాదు, చదువూ పరుగందుకుంది. ఒక పొద్దున ముప్పై ఎనిమిదికి ఇరవై ఆరు కలపమంటే, బల్ల మీద రెండుసార్లు చేత్తో చరిచి మొదలుపెట్టింది.

"పద్నాలుగు మంది స్టాపుల ఉన్నరు. పది మంది ఎక్కితె బస్సు నిండింది. రైట్ రైట్. మిగిలిన నలుగురు ఈడనే ఆగుండ్రి." కింద నాలుగు వేసింది. "ముందటి స్టాపుల మూడు బస్సులు, రెండు బస్సులు, గిప్పుడొచ్చింది ఒకటి. ఆరు. అరవై నాలుగు."

నేను పటాలు గీసి చెప్పలేని స్థానవిలువ బస్సెక్కి వచ్చి నా ముందు దిగింది.

"ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?"

"బస్సు..." అని ఆగిపోయి కిందికి చూసింది.

అంతకుముందు వారమే క్షేత్ర పర్యటన పేరుతో దాన్ని మేడ్చల్ దాకా బస్సులో తిప్పి తెచ్చాను. ఇంకేం కావాలి? "క్షేత్ర పర్యటన ఫలితం" అని ఎర్ర సిరాతో రాసుకున్నాను. ఆధారం చూడకుండా నిర్ణయానికి రాకూడదని కంపెనీలో కొత్తవాళ్ళకు ఏటా క్లాసు తీసుకునేది నేనే. ఆ సంవత్సరం కూడా తీసుకున్నాను.

ఆ తర్వాత ఏడాదంతా అద్భుతాలే. మొక్కలో భాగాలు నేను మంగళవారం చెప్పాలనుకుంటే సోమవారానికే వచ్చేసేవి. గడియారం చూడడం నేను ఫైల్లో ఎక్కించేలోపే వచ్చేసింది. తండ్రి మనసులోని పాఠం కూతురికి ముందే అందుతోందని ఒక వాక్యం రాశాను. నేను ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, ఆ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. పిల్ల మాటల్లో ఆడ, ఈడ, గిట్ల చేరాయి. అవి మల్లవ్వ చలవ అనుకున్నాను. ఘనత మాత్రం ఎవరికీ పంచలేదు.

అలాంటి ఘనత లోపల దాచుకుంటే ఆరోగ్యానికి మంచిది కాదు. మరుసటి జూన్‌లో నీళ్ళ ట్యాంకర్ల గురించి కాలనీవాళ్ళు పెట్టిన సమావేశంలో లేచి, నా బోధనా పద్ధతి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. నీళ్ళ సంగతి తేలలేదు. కానీ విన్నవాళ్ళలో ఎవరో బడికి కబురు చేరవేశారు. మూడో రోజు పొద్దున, ఉష లంచ్‌బాక్సు సర్దుకుంటుండగా, గొడుగూ రిజిస్టరూ పట్టుకుని సర్కారు బడి టీచరు భూలక్ష్మి మేడమ్ మెట్లెక్కి వచ్చింది. బడులు తెరిచే ముందు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్చుకునే రోజులవి.

"సార్, మీ పాప బడికి వస్తలేదంట."

"అవసరం లేదు మేడమ్. ఇంట్లోనే బడి."

"ఎవరు చెప్తరు?"

"నేనే."

"మరి డ్యూటీ?"

"రెండో షిఫ్టు."

ఆమె తలూపి రిజిస్టరు తెరిచింది. 'బడి బయట ఉన్న పిల్లలు' అనే పేజీలో హారిక పేరు రాసింది, వయసు రాసింది. తండ్రి చదువు అడిగి, ఎమ్మెస్సీ అంటే ఒక్క క్షణం ఆగి అదీ రాసింది. తర్వాతి గడి దగ్గర కలం నిలిచిపోయింది.

"బడికి రాకపోవడానికి కారణం రాయాలె సార్. వలస వచ్చిండ్రా?"

"ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాం."

"పేదరికం అని రాస్తే బాగుండదు. ఏమన్న జబ్బా?"

"దుక్కలా ఉంది మేడమ్."

"పశువులు కాసుడు?"

"సాయంత్రాలు బర్రెకు గడ్డేస్తుంది" అంది ఉష లోపల్నుంచి, సాయం చేస్తున్నట్టు.

"చిన్న పిల్లల్ని చూసుకునుడు?"

"మాకు ఇదొక్కతే."

"ఇగ ఇతరములు ఒక్కటే మిగిలింది. దాని పక్కన ఏం రాయమంటరు?"

"రాసే ముందు పిల్లని పరీక్షించండి మేడమ్" అన్నాను, నాలుగు ఫైళ్ళూ బల్ల మీద పరిచి. "హారికా, ఇలా రామ్మా."

కర్టెన్ వెనకనుంచి వచ్చింది. మేడమ్‌ని చూసి అటెన్షన్‌లో నిలబడింది. నా బడిలో ఏడాదిగా అలా ఒక్కసారి కూడా నిలబడలేదు.

"నలభై ఏడు, ముప్పై ఎనిమిది కలుపు బిడ్డా."

హారిక ఆమెను చూసింది, నన్ను చూసింది, నేలను చూసింది.

"మన బస్సు పద్ధతి చెప్పమ్మా" అని అందించాను.

ఇక తప్పదనుకుంది కాబోలు. కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు చరిచింది. "పదిహేను మంది స్టాపుల ఉన్నరు. బస్సు నిండింది. రైట్ రైట్. ఐదుగురు ఆగుండ్రి..."

ఎనభై ఐదు దగ్గర దిగేదాకా భూలక్ష్మి మేడమ్ రెప్ప వెయ్యలేదు. ఆమె ముగ్ధురాలైందని నాకు అర్థమైంది. "ఇది మా సొంత పద్ధతి మేడమ్. క్షేత్ర పర్యటనలో పుట్టింది. పూర్తి వివరాలు మూడో ఫైల్లో ఉన్నాయి."

"బస్సు ఏ రంగుది బిడ్డా?" అని హారికను అడిగింది ఆమె.

"పచ్చది మేడమ్. ముందటి అద్దం పలిగింది."

"సార్" అంది ఆమె నావైపు తిరిగి, చాలా మెల్లగా. "గా బస్సు నాది."

"అంటే?"

"పద్దెనిమిదేండ్ల సంది క్లాసుల నడుపుతున్న. అద్దం గూడ నేనే పలగ్గొట్టిన, ఓ రోజు పిల్లలు నవ్వుతలేరని."

నేను మూడో ఫైలు మూశాను. హారిక వచ్చి నా చొక్కా అంచు పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. "నాన్నా, మెట్ల మీద బడి తీసెయ్యకు."

"మెట్ల మీద బడేమిటి?"

"నాలుగున్నరకి మొదలవుతుంది. మీరు షిఫ్టుకి వెళ్ళాక" అంది ఉష, లంచ్‌బాక్సు మూత నొక్కుతూ.

"నీకు తెలుసా?"

"చాక్‌పీసులు తెచ్చేది నేనే. పిల్ల నవ్వుతోంది, మీరూ సంతోషంగా ఉన్నారు. రెండు బళ్ళూ నడవనిద్దామనుకున్నాను."

కింది నుంచి రజితను పిలిపించారు. ఒక పాత నోటుబుక్కు గుండెలకు అదుముకుని వచ్చింది. "అంకుల్, నేనేం జెయ్యలే. మేడమ్ పొద్దుగాల జెప్పింది మాపటికి హారికకు జెప్పిన. గంతే."

"రోజూనా?"

"ఆదివారం గుడ. మీరు పండుకున్నంక రివిజన్."

నోటుబుక్కు తీసుకుని చూశాను. హాజరు పట్టీ. స్కేలుతో గీసిన గళ్ళు. ఇద్దరు విద్యార్థులు. మొదటి పేరు హారిక, ఏడాదిలో నాలుగు రోజులు తప్ప అన్నీ హాజరే. నా రిజిస్టర్లో ఆడిట్లూ, షిఫ్టు మార్పులూ, నా జలుబులూ కలిపి ఎన్ని సెలవులున్నాయో చెప్పను. రెండో పేరు అవ్వ. 'వరసగా గైర్హాజరు' అని గట్టిగానే చదివాను.

"నేనెట్ల రావాలె సారూ?" అని కింది నుంచి మల్లవ్వ తన వాదన వినిపించింది. "పాలు పిండే యాళ్ళకు బడి వెట్టింది గా పోరి."

ఒకచోట హాజరు తప్పుగా పడింది. దాన్ని చెరిపెయ్యలేదు. మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, 'ర' అని సంతకం పెట్టి, తేదీ వేసి ఉంది. మా కంపెనీలో తప్పు దిద్దే పద్ధతి అది. డిగ్రీ చేసి వచ్చినవాళ్ళకు ఆరునెలలు చెబితే గానీ పట్టుబడదు.

"ఇదెవరు నేర్పారు నీకు?"

"హారిక. మీరు జెప్పిండ్రంట."

సర్కారు బడి నుంచి నా కూతురికి ఒక ఏడాది చదువు వచ్చింది. నా బడి నుంచి సర్కారు బడికి ఒక గీత వెళ్ళింది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదే కదా అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకుంటూనే ఆ తొమ్మిదేళ్ళ పిల్లను చూశాను. ఫైలు లేదు, టైంటేబుల్ లేదు, ఎమ్మెస్సీ లేదు. పొద్దున విన్నది సాయంత్రానికి మరిచిపోకుండా మోసుకొచ్చి, మెట్ల మీద దించింది, ఏడాది పాటు. మా కంపెనీలో అలాంటి మనిషి ఒక్కరుంటే నాకు ఉద్యోగం ఉండేది కాదు.

భూలక్ష్మి మేడమ్ గొంతు సవరించుకుంది. "సార్, ఇగ కారణం రాయాలె."

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. హారిక నా చొక్కా వదల్లేదు.

"ఇతరములు అని ఉంది కదా మేడమ్. పక్కన 'తండ్రి' అని రాయండి."

"గట్ల రాస్తే పైనోళ్ళు అడుగుతరు సార్."

"అడిగితే నన్ను చూపించండి. అర్థమైపోతుంది."

ఆమె అప్పుడు నవ్వింది. అద్దం పగలగొట్టిన రోజు క్లాసంతా ఎందుకు నవ్విందో నాకు తెలిసింది. రాసి, రిజిస్టరు నావైపు తిప్పింది. సంతకం పెట్టాను. ఈ ఉద్యోగంలో ఎన్నో కారణాల కింద సంతకాలు చేశాను గానీ, అంత కచ్చితమైనది మళ్ళీ దొరకలేదు.

"ఎప్పుడు పంపమంటారు మేడమ్?" అంది ఉష.

"సోమవారం బడి తెరుస్తున్నం."

అది గురువారం. హారిక అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

ఇప్పుడు అదీ రజితా ఏడో తరగతి, ఒకే బెంచీ. కాబట్టి నేను, సదరు రిజిస్టరులో కారణంగా నమోదైన తండ్రిని, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఎవరికైనా బడి అక్కర్లేదని తేల్చే ముందు, ఆ మనిషి అప్పటికే బడిలో చదువుతున్నారేమో ఒకసారి కనుక్కుంటాను.