కథల్ని చెక్కిన మా డ్రాయింగ్ అక్క

మొన్న పొద్దున బడిలో ప్రార్థన గంట కొట్టబోతుండగా నాకు ఫోను వచ్చింది. ఆళ్ళగడ్డ నుంచి, అక్క వాళ్ళ అన్నయ్య. రాతి శిల్పాలు చేసే మనిషి, మాట ఎప్పుడూ తక్కువే. "మా చెల్లెలు పాయె మ్మా. నిద్దర్లోనే పాయె. మీ బడోళ్ళకు చెప్పు," అని పెట్టేశాడు.

ప్రార్థన అయ్యాక పిల్లలకు నేనే చెప్పాను. వాళ్ళంతా ఆమె రిటైరయ్యాక చేరినవాళ్ళు, ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్ళు కారు. అయినా ముందు వరసలోంచి ఒక అమ్మాయి, "ఎవురు టీచర్, ఆ ఎగ్జిబిషన్ మేడమా?" అని అడిగింది. ఆ మాటకు దుఃఖంతో పాటు గర్వం కూడా కలిగింది. ఆ పేరు ఆమెకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. ఎలా సంపాదించుకుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను నంద్యాలలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. ఆమె అదే బడిలో డ్రాయింగ్ టీచరు. వయసులో నాకంటే చాలా పెద్ద. చేరిన రోజు "నమస్తే మేడం" అంటే, "మేడం గీడం ఏంది మ్మే, అక్కా అను," అంది. పరీక్షల ముందు లెక్కల సారు డ్రాయింగ్ పీరియడ్ అడిగితే ఇచ్చేది. మర్నాడు ఆయన పీరియడ్‌లో రంగుల డబ్బా పట్టుకుని వెళ్ళి నిలబడేది. "నిన్న అప్పిస్తి గదా సారూ," అనేది.

ఆమె పుట్టిల్లు ఆళ్ళగడ్డ. రోడ్డు పక్క షెడ్లలో పొద్దంతా ఉలి చప్పుళ్ళు, తెల్లటి రాతి దుమ్ము, సగం తేలిన దేవుళ్ళు. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు విగ్రహం చెక్కితే ఆడవాళ్ళు నీళ్ళు పోసి సానరాయితో రుద్ది నునుపు చేసేవాళ్ళు. చిన్నప్పుడు ఒకసారి ఉలి పట్టుకుంటే వాళ్ళ నాయన చేతిలోంచి లాగేసుకున్నాడట. "రుద్దేదానికి పుట్టినావు, రుద్దు," అన్నాడట. ఆ సంగతి కోపంగా కాక నవ్వుతూ చెప్పేది. కానీ చాలాసార్లు చెప్పేది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక స్టాఫ్ రూములో నేను ఆమెకు కథలు చదివి వినిపించేదాన్ని. మన సీమ రచయితల కథలు, కరువు కథలు, శెనక్కాయ చేలల్లో కూలికి పోయే ఆడవాళ్ళ కథలు. ఒక రోజు, ఎద్దును సంతలో అమ్ముకుని ఒట్టి పగ్గంతో ఇంటికొచ్చిన ముసలాయన కథ చదివాను. అయిపోయాక నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆమె అడిగింది:

"పగ్గం ఏ చేత్తో పట్టుకోనుండాడు?"

"కథలో లేదక్కా."

"ఉంటాది. మళ్ళా చదువు."

చదివాను. ముసలాయన ఎడమ చేత్తో తలుపు తోశాడని ఒక వాక్యం ఉంది. "అట్లయితే పగ్గం కుడిచేతిలో," అని ఆమె తృప్తిగా లేచింది. పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ నేను పిల్లల్ని అలాంటి ప్రశ్నలే అడుగుతాను.

ఆ తర్వాతి వారం ఒక మామిడి చెక్క తెచ్చి చూపించింది. ముసలాయన్ని అందులో చెక్కింది, వడ్రంగుల దగ్గర కొన్న సన్న ఉలులతో. చెక్క మీద నల్ల సిరా పూసి, కాగితం పరిచి, ఆ కాగితం వీపు మీద గరిటెతో గట్టిగా రుద్దింది. కాగితం ఎత్తితే ముసలాయన లేచి వచ్చాడు. చెక్కిన చోట తెలుపు, వదిలిన చోట నలుపు. ముఖం ఉండాల్సిన చోట నలుపే. మనిషి చుట్టూ అంతా నలుపు, కుడిచేతి పగ్గం మాత్రం తెల్లగా నేలను తాకుతోంది.

"మొగం కనపడల్యాక్కా," అన్నాను.

"మొగం నువ్వు చదివినావు గదా. నేను పగ్గం చెక్కినా."

అలా ఏళ్ళ తరబడి కథ వెంట కథ, చెక్క వెంట చెక్క. ఎండిన బావి దగ్గర బిందెతో నిలబడ్డ కోడలు, వాన కోసం కొంగు పట్టిన అవ్వ, బస్సు కిటికీలోంచి సొంత చేను చూసుకునే రైతు. ఆమె గోళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. అన్నం కలుపుకునేటప్పుడు కొత్త టీచర్లు వింతగా చూస్తే, "సిరా మ్మా, మడ్డి కాదు. తిను," అనేది.

రిటైరయ్యాక బొమ్మలన్నీ ఒకచోట పెట్టి జనానికి చూపించాలని మనసు పుట్టింది. నంద్యాలలో ఒక హాలులో చిత్ర ప్రదర్శన జరగబోతుంటే ఇద్దరం వెళ్ళాం. నిర్వాహకుడు బొమ్మలన్నీ మర్యాదగా తిరగేశాడు.

"బాగుండాయి మేడం. కానీ రంగుల్లేవే! జనం నిలబడి చూడాలంటే రంగుండాల. మెట్ల కింద కొంచెం జాగా ఉంది, ఆడ పెట్టుకోండి."

"మెట్ల కింద చెప్పులిడుస్తారు సారూ," అని అక్క బొమ్మలు చుట్టేసింది.

బయటికి వచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఆటోను పిలిచింది. "బస్టాండుకు పోనీ అప్పా," అని నా వైపు తిరిగింది. "ఏడ్చేది బస్సులో ఏడుద్దువులే మ్మే, ఆళ్ళగడ్డ దాకా టైముండాది."

అన్నయ్య షెడ్డులో పెద్ద నంది విగ్రహాన్ని చెక్కుతున్నాడు. బొమ్మలు అక్కడ పెట్టి జనానికి చూపిస్తామంటే తల కూడా ఎత్తలేదు.

"ఈడ రాళ్ళకే జాగా ల్యా. కాగితాలు యాడ పెడ్తావ్? నాలుగు చినుకులు పడితే నీ బొమ్మలు పాయె. రాయి చూడు, ఎంత వానైనా ఉంటాది."

"అదే గదన్నా నేను చెప్పేది! నీ రాళ్ళు బయట పెట్టు, తడిసినా ఏం గాదు. నా బొమ్మలు లోపల పెట్టు."

పనివాళ్ళు ఫక్కున నవ్వారు. ఆయన ఉలి కింద పెట్టాడు. షెడ్డులో ఒక పక్క చూపించి, "వారం," అన్నాడు.

తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీశాం. ఒక్కో బొమ్మ కింద దాని చెక్క. తొలిరోజు చాలాసేపు ఎవరూ రాలేదు. అహోబిలం పోయే బస్సు తప్పిపోయిన కొందరు నీడ కోసం లోపలికి వచ్చారు. వాళ్ళలో ఒక రైతు, తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి, పగ్గం బొమ్మ ముందు ఆగిపోయాడు.

"ఏందిమ్మా దీని కత?" అని నన్నడిగాడు.

చెప్పాను. విన్నంతసేపూ ఆయన బొమ్మ మీది నుంచి చూపు తిప్పలేదు. "మా కోడెను అమ్మినప్పుడు నేనూ ఇట్లనే వస్తి. అప్పుడు నన్నెవురు చూసినారు?" అన్నాడు. తువ్వాలు తీసి కళ్ళొత్తుకుని అక్క వైపు తిరిగి దండం పెట్టాడు. ఇంకో బస్సు వచ్చినా ఎక్కలేదు. బొమ్మ బొమ్మకూ నిలబడి కథ చెప్పించుకున్నాడు.

మర్నాడు ఆయన తన ఊరివాళ్ళను ట్రాక్టరులో తీసుకొచ్చాడు. బావి బొమ్మ చూసి ఒక అవ్వ, "ఈ బావి మాదే గదా! ఈయమ్మ ఎవురు, మా సందులో పిల్ల మాదిరుండాది," అని తగువు పెట్టుకుంది. కథలు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. చదువుకున్నవాళ్ళు కథల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగి పోయారు. అహోబిలం నుంచి ఒక పండితుడు వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని, మర్నాడు ఇంట్లోవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు.

అన్నయ్య ఇదంతా దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. జనం కొంచెం పలచబడ్డాక వచ్చి పగ్గం బొమ్మ చెక్కను చేతుల్లోకి తీసుకున్నాడు. సన్న గీతల వెంట బొటనవేలు పోనిచ్చాడు, మెల్లగా, మళ్ళీ మళ్ళీ.

"యాడా ఉలి జారలే," అన్నాడు. "ఎవురు నేర్పిరి నీకు?"

"మీరే. మీరు చెక్కతాంటే నేను రుద్దతా చూస్తాంటి గదా."

ఆయన చెక్కను జాగ్రత్తగా దాని చోట పెట్టాడు. పనివాళ్ళ వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. "రేయ్, నందిని రోడ్డు మీదికి జరపండ్రా! ఆయప్ప ఎండకూ వానకూ అలవాటు పడినోడే. షెడ్డంతా మా చెల్లెలి బొమ్మలకే!"

అక్క మొహాన్ని అంత వెలుగుతో నేను ముందెప్పుడూ చూడలేదు.

వారమన్నది ఎక్కడికో పోయింది. ఆ సందడి నంద్యాలకు తెలిసింది. మెట్ల కింద జాగా చూపించిన నిర్వాహకుడు తనే వచ్చి, షెడ్డంతా తిరిగి, "మేడం, మా హాలుకు తీసుకురండి," అన్నాడు.

"ఎన్ని గోడలిస్తావు సారూ?"

"అన్నీ మీకే మేడం."

అన్నయ్య దగ్గరుండి ఫ్రేములు కట్టించాడు. షెడ్డులో పాలిష్ పని చేసే ఆడవాళ్ళు కూడా లారీలో వచ్చారు. హాలు నిండిపోయి జనం మెట్ల మీద వరస కట్టారు. మా బడి పిల్లలందరినీ తీసుకెళ్ళాం. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న అన్నయ్య గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే మాట చెప్పాడు: "రాండి, చూడండి. మా చెల్లెలు చెక్కినవి." గీసినవి అనలేదు, వేసినవి అనలేదు. రెండోసారి ఆ మాట విన్నప్పుడు అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ సంబరం తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. కానీ బతికినన్నాళ్ళూ ఆ వెలుగుతోనే ఉంది. ఆమెను తలుచుకుంటే నాకు ప్రదర్శన ముగిసిన సాయంత్రమే కళ్ళ ముందు నిలుస్తుంది. ఫ్రేముల అద్దాలు పగలకుండా తీసుకెళ్ళాలని ఆడవాళ్ళందరం లారీలో నిలబడి తలా ఒక బొమ్మను గుండెకు ఆనించి పట్టుకున్నాం. క్యాబిన్ వెనక కడ్డీ పట్టుకుని అక్క ముందు నిలబడింది, నెరిసిన జుట్టు ముడి ఊడి గాలికి ఎగురుతోంది. శిరివెళ్ళ దాటాక వరి చేలల్లో నాట్లు వేస్తున్నవాళ్ళు నడుములెత్తి చూశారు. లారీ నిండా మనుషులు, ఆ మనుషుల గుండెల మీద మనుషులు. వాలిన ఎండలో ఏ ముఖం బొమ్మదో, ఏ ముఖం బతికున్నవాళ్ళదో వాళ్ళకు తెలిసుండదు. చేలోంచి ఎవరో చెయ్యి ఊపారు. లారీలోంచి అందరం ఒక్కసారిగా కేక వేశాం.