చాగస్ ఎంతమందికి ఉంది?

తొంభైలు మొదలవుతున్నప్పుడు మేం పరాయి దేశంలో, పెండిల్ హిల్‌లో అద్దెకుండేవాళ్ళం. పక్క వాటాలో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన దంపతులు. ఆమెకు ఐదో నెల. నా భార్య ఆసుపత్రిలో గర్భిణులను చూసే విభాగంలో నర్సు. ఓ శనివారం ఇద్దరూ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆమె భయం బయటపడింది. వాళ్ళ ఊళ్ళో మట్టిగోడల పగుళ్ళలో ఒక పురుగు ఉంటుందట. నిద్రలో ఉన్నవాళ్ళ మొహం మీద కుడుతుందట.

నా భార్య నవ్వేసింది. "నల్లి అయ్యుంటుంది. మేం నులకమంచాలు ఎండలో వేసి వేణ్ణీళ్ళు పోసేవాళ్ళం. నల్లి కుట్టి ఎవరూ చావలేదు."

ఆమె నవ్వలేదు. "మా అమ్మ చనిపోయింది సిస్టర్, గుండె పెద్దదైపోయి. ఆ పురుగు వల్లేనన్నాడు డాక్టర్. నేనూ ఆ గదిలోనే పడుకునేదాన్ని. బిడ్డకి వస్తుందా?"

ఆ మధ్యాహ్నమంతా నా భార్య తన పాత పుస్తకాలు తిరగేసింది.

"పొరపాటు పడ్డానండీ. అది నల్లి కాదు. ఈ జబ్బుని చాగస్ అంటారంట. పురుగు కుట్టి అక్కడే రెట్టేస్తుంది, గోక్కుంటే క్రిమి ఒంట్లోకి పోతుంది. ఇయర్స్ తరబడి ఏమీ తెలీదంట. కడుపులో బేబీకీ పోవచ్చంట."

"గర్భిణుల్లో ఎంతమందికి ఉంటుంది?" అన్నాను. దినపత్రికలో పాతికేళ్ళు పనిచేసినవాడికి ముందు నోటికొచ్చేది ఆ ప్రశ్నే.

"మీకెప్పుడూ నంబర్సే! మండే డాక్టర్‌ని అడుగుతాలెండి."

అడిగింది. మన దగ్గర ఇంతవరకు ఒక్క కేసూ లేదన్నాడట డాక్టర్. మా తెలుగువాళ్ళ చిన్న పత్రికకు నేను ఆరోగ్యం మీద అప్పుడప్పుడు రాసేవాణ్ణి. ఆ వాక్యం కాగితం మీద పెట్టేశాను. నా భార్య వెనక నుంచి తొంగి చూసింది.

"ఎన్ని టెస్టులు చేస్తే ఒక్కటీ లేదో, అదీ రాయండి."

"ఎన్ని చేశారు?"

"ఒక్కటీ చెయ్యలేదు. ఫారమ్‌లో ఏ దేశంలో పుట్టారని అడుగుతాం, అంతే. ఇంటి గోడలు దేంతో కట్టినవని ఎవరడుగుతారు?"

ఫలానా తాలూకాలో కలరా లేదని అధికారి చెబితే అలాగే అచ్చుకు పంపినవాణ్ణి నేను. అక్కడైనా ఎవరైనా పరీక్ష చేసి చెప్పారా అన్న అనుమానం నాకు ఇన్నేళ్ళకు వచ్చింది. ఆ వాక్యం కొట్టేశాను.

నా భార్య పట్టుబట్టడంతో డాక్టర్ పొరుగామె నెత్తురు వేరే ఊరి ప్రయోగశాలకు పంపించాడు. కొన్ని వారాలకు జవాబొచ్చింది. ఉంది. ఈసారి ఆయనే కూర్చోబెట్టి చెప్పాడట: కడుపుతో ఉండగా మందు ఇవ్వరు, తల్లికి ఉన్నంత మాత్రాన ప్రతి బిడ్డకూ రాదు, వచ్చినా చంటితనంలోనే పట్టుకుంటే మందు బాగా పనిచేస్తుంది.

ఆడపిల్ల పుట్టింది. అప్పుడు చేసిన పరీక్షలో ఏమీ కనబడలేదు. కానీ పసిదాని నెత్తురులో తల్లి నుంచి వచ్చిన జబ్బు ఆనవాళ్ళు కొన్నాళ్ళు ఉంటాయి కాబట్టి, అవి పోయాకగాని ఖాయంగా చెప్పలేరట. పిల్ల పాకుతున్న రోజుల్లో మళ్ళీ పరీక్షించారు. లేదు.

ఆ ఫలితం కాగితం పట్టుకుని ఆమె మా ఇంటికొచ్చింది. నా భార్య రెండుసార్లు చదివి, పిల్లను ఎత్తుకుంది.

"సిస్టర్, మా చర్చిలో మా దేశం వాళ్ళే ఇంకా ఇద్దరు కడుపుతో ఉన్నారు. వాళ్ళవీ మట్టిగోడలే. ఎప్పుడు తీసుకురాను?"

"రేపే ఆసుపత్రికి. నెత్తురు తీస్తారని భయపడి పస్తుండగలరు, టిఫిన్ తినే రమ్మను" అంది నా భార్య.