చీటీలు మార్చిన చదువు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అదీ రెండో తరగతి చదువు. మా తాతయ్య అంత మెట్ట పొలానికి ఆసామి అయినా వేలిముద్రే వేసేవాడు. దుకాణం నుంచి పొట్లం కట్టి వచ్చిన కాగితాన్ని నాచేత చదివించి మీసం కింద నవ్వుకునేవాడు. ఆ నవ్వు కోసం నేను ఏ పనైనా చేసేదాన్ని. చేశాను కూడా.

మాది మార్కాపురం దగ్గర ఒక మెట్ట ఊరు. మా తాలూకాను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన రోజులవి. ఊరి బావి నీళ్ళు తియ్యగా ఉండేవి గానీ ఎండాకాలం అడుగంటేవి. ఊరికి దిగువన మాదిగపల్లె, సర్కారు కాగితాల్లో హరిజనవాడ. వాళ్ళ బావి ఎండేది కాదు గానీ అవి పాడు నీళ్ళు. వాటితో పప్పు ఉడికేది కాదు. పిల్లలకు పాలపళ్ళు ఊడి వచ్చే కొత్తపళ్ళు గోధుమరంగు చారలతో వచ్చేవి. నలభై దాటినవాళ్ళు నడుం పట్టేసి, కూర్చుంటే లేవలేకపోయేవారు. మేము దాన్ని జబ్బు అనుకోలేదు. వాళ్ళు అలాగే ఉంటారనుకున్నాం.

మా పశువుల కొట్టంలో పేడ ఎత్తడానికి ఆ పల్లె నుంచి ఒకామె వచ్చేది. వెంట నా ఈడు కూతురు. ఆ పిల్ల నవ్వితే నేను ఊరుకునేదాన్ని కాదు.

"ఏమే, మీ నాయన పొగాకు నమిలి నీ నోట్లో ఊసినాడా?" అనేదాన్ని.

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వేది.

ఒకరోజు గంప దించి, "చిన్నమ్మా, సర్కారోళ్ళు వచ్చి బావుల నీళ్ళు పట్టుకొని పోయి చూస్తారంట. ఏ నీళ్ళు చెడ్డవైతే ఆడ బోరు వేస్తారంట. ఇంగ మాకే!" అంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "ఎండాకాలం నువ్వే కడవెత్తుకొని మా కాడికి రావాల. నేను ఇంత ఎత్తు నుంచి పోస్తా. దూరం నిలబడు, నన్ను తాకేవు!" అని చేతులు పైకెత్తి చూపించి పకపకా నవ్వింది.

వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి దాని వీపున ఒక్కటేసింది. "తప్పైంది తల్లీ, ఇంట్లో చెప్పబాకు" అని నాకు దణ్ణం పెట్టింది. అంత మనిషి, ఎనిమిదేళ్ళ నాకు.

మా ఊళ్ళో పల్లెవాళ్ళు బావి తాకకూడదు. మేము పైనుంచి పోస్తే వాళ్ళు వంగి పట్టుకోవాలి. ఆ పిల్ల ఆ వరసను తిరగేసి చూపించింది. నాకు నవ్వు రాలేదు. అన్నం దగ్గర కూర్చున్న తాతయ్యకు ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. మజ్జిగ తాగి, "అట్లనా" అన్నాడు.

నాలుగు రోజులకు జీపులో ఆఫీసరు వచ్చాడు. ఊరి బావి నీళ్ళు ఒక సీసాలో తానే పట్టాడు. ఎండగా ఉందని పల్లెలోకి దిగలేదు, వాళ్ళనే నింపి తెమ్మని రెండో సీసా పంపాడు. ఆ పిల్లే తెచ్చింది, రెండు చేతులా పట్టుకుని, చుక్క తొణకకుండా. అంత మంచి గాజు సీసాలు ఉత్తనీళ్ళకు తగలేస్తున్నారే అని నాకు కడుపుమండింది. ఆఫీసరు రెండు చీటీలు రాసి, దారంతో సీసాల మెడలకు కట్టించి, అరుగు మీద పెట్టించి, మా ఇంట్లో కోడికూర భోజనానికి కూర్చున్నాడు. జీపు డ్రైవరూ బంట్రోతూ ఆయన వెనకే.

తాతయ్య నన్ను అరుగు మీదికి పిలిచాడు. "ఏందేందో చదువు పాపా."

"ఇది ఊరి బావి. ఇది హరిజనవాడ బావి."

"దాని చీటీ దీనికి, దీని చీటీ దానికి కట్టు."

నాది రెండో తరగతే గానీ నేను మొద్దును కాదు. "అట్ల కడితే వాళ్ళకు బోరు రాదు గదా తాతా?" అన్నాను.

"పుట్టినకాడి నుంచి తాగేవే గదా, వాళ్ళకు ఆ నీళ్ళు అలవాటు. మనకు పడితే వాళ్ళకు పొయ్యకుండా పోతామా? వాళ్ళకు పడితే మాత్రం నువ్వు కడవెత్తుకొని ఆ పిల్ల కాడికి పోవాల. పోతావా?"

ఆ చివరి మాటకు నా వేళ్ళు కదిలాయి. ముడులు విప్పి, మార్చి, మళ్ళీ అంతే చక్కగా కట్టాను. తాతయ్య మీసం కింద నవ్వుకుని పిడికెడు బెల్లం పెట్టాడు. దాన్ని మూడు రోజులు దాచుకుని తిన్నాను.

కొన్ని నెలలకు బోరు లారీ మా వీధిలోకి వచ్చింది. పల్లె నుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి, మనవడి నోరు తెరిచి ఆఫీసరుకు చూపించాడు. "ఈ పళ్ళు చూడు సామీ, మా నీళ్ళు మంచివంటావా?"

"ముందు పళ్ళు తోముకోమను. కాగితంలో మీ నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు ఆఫీసరు.

చుట్టూ ఉన్న మావాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బోరు పడింది, నీళ్ళు పడ్డాయి. పల్లెవాళ్ళు ఆ పంపు పిడి ముట్టుకోకూడదు, మేమే కొట్టి పొయ్యాలి. కోతల రోజుల్లో, చుట్టాలొచ్చిన రోజుల్లో, మాకు చేతులు నొప్పెట్టిన రోజుల్లో వాళ్ళు ఖాళీ కడవలతో తిరిగిపోయి తమ బావిలోవే తోడుకునేవారు. ఆ పిల్లకు నేనూ పోశాను, ఎత్తు నుంచే. అది నాతో మళ్ళీ నవ్వలేదు. ఆ ఏడే నన్ను బడి మాన్పించారు. ఆడపిల్లకు అంత చదువు చాలన్నారు. ఆ చదువుతో అయ్యే పని అయిపోయింది కూడా.

ముప్పై అయిదేళ్ళకే ఆ పిల్ల చేతికి కర్ర వచ్చింది. ఆమె పిల్లలిద్దరికీ కాళ్ళు కొడవళ్ళలా వంగాయి. మార్కాపురం డాక్టరు అది నీళ్ళ జబ్బు అన్నాడట, మంచినీళ్ళు తప్ప మందు లేదన్నాడట. మా తాతయ్య మాత్రం ఎనభై దాటాక కూడా చెరుకు నమిలి తిన్నాడు. ఉసురు తగులుతుందంటారు. మా ఇంట్లో ఎవరికీ తగల్లేదు.

అందరికీ సమానంగా ఆరోగ్యం ఇస్తామని ఇప్పుడు మైకుల్లో చెబుతుంటారు. మంచిదే. ఆనాడూ సర్కారు మంచి బుద్ధితోనే సీసాలు పంపింది. పంపినవాడు మా అరుగు ఎక్కాడు, పల్లెలోకి దిగలేదు. చెప్పేవాళ్ళు ముందు అక్కడికి దిగి, ఆ బావి నీళ్ళు తమ చేత్తో తోడి, ఆ వాడలో కూర్చుని అన్నం తినాలి. లేకపోతే ఎంత మంచి కాగితమైనా మా తాతయ్య లాంటివాడి చేతిలోదే.

కొన్నేళ్ళ కిందట, ఆనాడు సీసా తెచ్చినామె మండలాఫీసు దగ్గర కనబడింది. పింఛను కాగితం పట్టుకుని, చదివిపెట్టేవాళ్ళ కోసం చూస్తోంది. "ఇట్లియ్యి, నేను చదువుతా" అని చెయ్యి చాపాను.

ఆమె కాగితం మడిచి కొంగులో దోపుకుంది. "నీతో వద్దులేమ్మా" అంది. గొంతులో కోపం కూడా లేదు. "ఆ పొద్దు సీసా ఇచ్చి నేను పోలేదు, మీ గోడ పక్కనే ఉంటి. మా అమ్మకు చెప్తే నా నోరు మూసింది."

అంతే. నా ఎదుటే, ఎండలో, ఇంకెవరైనా రాకపోతారా అని కర్ర మీద వాలి నిలబడింది. నేను తప్పుకుని బస్సెక్కాను.

ఇప్పుడు మా వీధిలో ఎవరు కాగితం తెచ్చినా చదివిపెడతాను. చదివాక, ఇంకొకరిచేత కూడా చదివించుకోమని చెప్పి పంపుతాను. నానమ్మకు తన కళ్ళ మీద తనకే నమ్మకం లేదని మనవరాళ్ళు నవ్వుతారు. కళ్ళకేం, బాగానే కనబడతాయి.