సంగప్ప మామ కత్తి కింద

మా కర్దనూరులో ఆ రోజుల్లో ధైర్యవంతుడు ఎవరంటే, సంగప్ప మామ ముందు గడ్డం చాచి కూర్చునేవాడే. వారానికోసారి నేనూ ఆ ధైర్యం చేసేవాణ్ణి. పటాన్‌చెరులో మందుల కంపెనీలో నా ఉద్యోగం. పొద్దున్నే గేటు దగ్గర నా ముఖం చూసి, బీహారు నుంచి వచ్చిన వెల్డరొకడు "క్యా భాయ్, బిల్లీ సే లడాయీ?" అని అడిగేవాడు. పిల్లితో కాదు నాయనా, మామతో అని చెప్పలేక నవ్వి ఊరుకునేవాణ్ణి.

సంగప్ప మా ఊరి మంగలి. కులాలు వేరైనా వరసలు కలుపుకోవడం మా ఊళ్లో మామూలే. నేను మామా అంటే ఆయన అల్లుడా అనేవాడు. నా పుట్టువెంట్రుకలు తీసింది ఆయనే, మా నాయన పోయిన రోజు నాకు గుండు చేసిందీ ఆయనే. ఆయన చేయి బాగున్న కాలంలో కత్తి గొంతు మీద నడుస్తుంటే నాకు కునుకు పట్టేది. అటువంటి మనిషిని కాదని, పటాన్‌చెరులో అద్దాల సెలూనుకు పోయి తిరిగే కుర్చీలో కూర్చోవడానికి నాకు మనసొప్పేది కాదు. కుర్రాళ్లు పోయారు. మిగిలింది నాలాంటి మొహమాటస్తులూ, లింగం పటేలు లాంటి మొండివాళ్లూను. లింగానిది సంగప్ప ఈడే. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి గొడ్లు కాసినవాళ్లు. ఊళ్లో నాలుగెకరాల ఆసామి అయినా, గడ్డానికి సంగప్ప గడప తప్ప ఇంకో గడప తొక్కినవాడు కాదు.

మామ కళ్లు ఎప్పుడు మసకబారడం మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలియదు. తొంభై అయిదు ప్రాంతంలో అనుకుంటాను, ముందు ఎండలోకి పీట జరుపుకున్నాడు, వెలుతురు చాలడం లేదని. కొన్నాళ్లకి మళ్లీ నీడలోకి జరుపుకున్నాడు, ఎండ కళ్లలో సూదుల్లా గుచ్చుతోందని. ఆ తర్వాత కత్తిని తిట్టాడు. సానరాయిని తిట్టాడు. మా గడ్డాలు కంపెనీ గాలికి మొండికెత్తాయన్నాడు. చివరికి ముఖం మా ముఖానికి ఎంత దగ్గరగా తెచ్చేవాడంటే, ఆయన పొద్దున ఏం తిన్నాడో మాకు తెలిసిపోయేది. గాటు పడ్డ చోట పటిక రుద్దేవాడు. ఒకప్పుడు ఆయన పొదిలో పటికముక్క ఏళ్ల తరబడి అరిగేది కాదు. ఇప్పుడు ఆయన భార్య బక్కమ్మ సంతకు పోయినప్పుడల్లా ఉప్పుతోపాటు పటిక కూడా తెస్తోంది. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

దగ్గరగా చూస్తే ఆయన నల్లగుడ్డు మధ్యలో మజ్జిగ చుక్క పడ్డట్టు తెల్లగా కనబడేది. మోతిబిందు అంటాం మేము, పుస్తకాల్లో శుక్లం అని రాస్తారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి కూడా దవాఖాన మాట ఎత్తితే లేచిపోయేవాడు. దానికి కారణం ఆయన అన్న యాదన్న.

యాదన్న కూడా మంచి పనివాడే. ఎనభైల మొదట్లో బడిలో పెట్టిన క్యాంపులో ఆపరేషను చేయించుకున్నాడు. అప్పట్లో పొర బాగా ముదిరేదాకా ఆగమని చెప్పేవారట. అది తీసేశాక సీసా అడుగుల్లాంటి మందపాటి అద్దాలు ఇచ్చారు. అద్దాలు తీస్తే అంతా మసక. పెట్టుకుంటే ప్రతిదీ ఉన్నదానికంటే పెద్దదిగా, దగ్గరగా కనబడేది. మంచినీళ్ల చెంబు అందుకోబోయి గాలిని పట్టుకునేవాడు. గుమ్మం వంకర తిరిగిందనేవాడు. అన్నం తిన్నాడు, ఊళ్లో తిరిగాడు, మనవల్ని గుర్తుపట్టాడు. కానీ ఒకరి గొంతు మీద కత్తి పెట్టే ధైర్యం మళ్లీ చేయలేదు. పోయేదాకా అరుగు మీద ఖాళీ చేతులతోనే కూర్చున్నాడు. సంగప్ప మామ లెక్క అప్పుడే తేలిపోయింది. ఆపరేషను చేయించుకుంటే కత్తి పోతుంది, చేయించుకోకపోతే ఇంకొన్నాళ్లయినా ఉంటుంది. అడిగినవాళ్లకి మాత్రం పొర ఇంకా ముదరలేదనేవాడు. ముదరడానికి అదేమన్నా సీతాఫలమా అని నాకు ఒళ్లు మండేది. పైకి అనేవాణ్ణి కాదు.

ఈలోగా వైద్యాలు జరిగాయి. ఒకరు తేనె వేయమంటే వేశాడు. సంతలో ఒకడు పొరను కరిగించే మందని చిన్న సీసా అమ్మితే అదీ వేసుకుని రెండు రోజులు కళ్లు తెరవలేకపోయాడు. పొర ఉన్నచోటే ఉంది.

అప్పుడు కూతురు వచ్చింది. నాగరత్నాన్ని కొండాపూర్ దగ్గరి పల్లెకిచ్చారు. తొలికాన్పులో కొడుకు పుట్టాడు. ఏడాది నిండేలోపు పుట్టువెంట్రుకలు తీయాలి. మామ వాళ్ల ఇంట్లో తొలి గుండు తల్లి తండ్రి చేతి మీదుగా జరగడం వాళ్ల ఆనవాయితీ. ఆ పొద్దు నేనూ లింగం పటేలూ గడ్డాల కోసం మామ వాకిట్లోనే ఉన్నాం. మామ హుషారుగా ఉన్నాడు. మనవడికని కొత్త కత్తి తెప్పించాడు. నా గడ్డం గీస్తూనే ఏ వారం మంచిదో లింగాన్ని అడుగుతున్నాడు. పిల్లవాడు తల్లి ఒళ్లో ఆడుకుంటున్నాడు. వాడి మాడు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, ఊపిరికి సన్నగా ఎగసిపడుతోంది. నాగరత్నం దాని మీద చేయి కప్పింది.

"నాయినా, నా కొడుకు తల నీ చేతికియ్యను," అంది.

మామకు అర్థం కాలేదు. నవ్వాడు.

"నీకు కండ్లు కనిపిస్తలేవు. ఊరందరికీ ఎరుకే. నీ ముంగట ఎవ్వలు చెప్తలేరు. ఈ బావ దవడ చూడు, ఎన్ని గాట్లున్నయో. నువ్వు చూడలేవు, జెర చేత్తోనన్న తడుము."

లింగం పటేలు ఊరుకో బిడ్డా అన్నాడు. ఆమె ఊరుకోలేదు. ఇంకొకరి కత్తి కూడా తన కొడుకు తలను తాకదనీ, తండ్రి కళ్లు బాగుచేయించుకునేదాకా వాడు జుట్టుతోనే ఉంటాడనీ చెప్పింది. మామ పొది చుట్టి లోపలికి పోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదని బక్కమ్మ తర్వాత చెప్పింది. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. ముసలాయన్ని పట్టుకుని నలుగురిలో అంత మాట అంటుందా అనుకుంటూ, సగం గీసిన గడ్డంతో ఇంటికి పోయాను.

మర్నాడు తెల్లారేసరికి మామ మా గుమ్మంలో ఉన్నాడు. భుజం మీద కండువా, చంకలో సంచి. దవాఖానకు తోల్కపొమ్మన్నాడు. నేను షిఫ్టు ఎగ్గొట్టి ఆయన్ని పట్నం బస్సెక్కించాను.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ పేరు వెంకటరమణమ్మ. కోస్తా వైపు మనిషి, మాటల్లో తొందర లేదు. చుక్కలు వేయించి, లైటు వేసి చాలాసేపు చూసింది. కంటిలోపల ఒక బిళ్ల ఉంటుందనీ, పుట్టినప్పుడు అద్దంలా తేటగా ఉండి వయసుతో మసకబారుతుందనీ, అది ఏ తేనెకూ ఏ చుక్కల మందుకూ కరగదనీ చెప్పింది. తీసేయడం ఒక్కటే దారి. యాదన్న కాలంలో బిళ్ల తీసి ఆ చోటు ఖాళీగా వదిలేసేవారు కాబట్టి అంత మందం అద్దాలు కావలసి వచ్చేవి. ఇప్పుడు దాని స్థానంలో చిన్న ప్లాస్టిక్ బిళ్ల పెట్టేస్తారు. ముదిరేదాకా ఆగనక్కర్లేదు సరికదా, మరీ ముదిరితే లోపల ఉబ్బి, నొప్పి చేసి, చూపు మొత్తానికే పోవచ్చు. ఆపరేషనుకైనా పూచీ రాసివ్వలేననీ, కొందరికి చీము పట్టి కన్ను దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయనీ దాచకుండా చెప్పింది. అందుకే ముందు ఒక కన్నే చేస్తారట. అది కుదుటపడ్డాకే రెండోది.

మామ అంతా విని ఒక్కటే అడిగాడు. "అవ్వా, మళ్ల కత్తి వట్టొస్తదా? గడ్డాలు గీసుడు నా పని."

"దూరం చూపు మామూలుగా ఉంటుంది. దగ్గరి పనికి చిన్న కళ్లద్దాలు పెట్టుకోవాలి, పలచటివే. కంటి వెనక నరం బాగానే ఉన్నట్టుంది. పుండు పూర్తిగా మానాక పట్టొచ్చు," అందామె.

ఆపరేషను రోజు పొద్దున వార్డు బయట బెంచీ మీద మామ నా చేయి పట్టుకున్నాడు.

"అల్లుడా, పుట్టి బుద్దెరిగినప్పటిసంది మంది గొంతుల మీద కత్తి వెట్టిన. గాళ్లు నా ముంగట ఎట్ల కూసున్నరో నాకు ఇయ్యాల తెలుస్తున్నది."

లోపల ఏం జరిగిందో తర్వాత ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు. కంటి పక్కన సూది వేశారు, అదొక్కటే నొప్పి. ముఖం మీద బట్ట కప్పారు. తల కదపొద్దు అని డాక్టరమ్మ అందట. తాను జీవితమంతా అందరికీ చెప్పిన మాట తనకే చెబితే నవ్వొచ్చిందట, కదిలితే ఏమవుతుందో తెలుసు గనక నవ్వు కూడా బిగబట్టాడట. ఆమె చేయి మంచిదని తీర్పు చెప్పాడు. మా మామ ఇంకో పనివాడి చేతిని మెచ్చుకోవడం నేను అంతకుముందు వినలేదు.

మర్నాడు పట్టీ విప్పారు. ముందు కిటికీని చూశాడు. తర్వాత నన్ను. ఆ తర్వాత బక్కమ్మను తేరిపార చూసి, "గింత ముసల్దానివైనవేందే," అన్నాడు. ఆమె నువ్వు పడుచోనివా అని కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నాకు గుండె మీంచి బరువు దిగింది. నా గడ్డం కోసమే దిగిందని మీరనుకుంటే అనుకోండి, అదీ కొంత నిజమే.

ఆ తర్వాతి వారాల్లో బక్కమ్మ జైలరు అయింది. తలస్నానం లేదు, బరువెత్తడం లేదు, పొయ్యి పొగ దగ్గరికి రావడం లేదు. వేళ తప్పకుండా చుక్కలు. కన్ను నలపబోతే చేతి మీద కొట్టేది. చివరికి డాక్టరమ్మ మళ్లీ చూసి, పలచటి కళ్లద్దాలు రాసి, ఇక పని చేసుకోవచ్చనీ, రెండో కన్ను తర్వాత చూద్దామనీ అంది. పిల్లవాడికి ఇంకా ఏడాది నిండలేదు.

నాగరత్నం కొడుకుని తీసుకుని వచ్చింది. మామ మాత్రం ముందు పెద్దవాళ్ల మీద చూసుకుంటానన్నాడు. పీట వేసి లింగం పటేలును కూర్చోబెట్టాడు. కళ్లద్దాలు సర్దుకుని, గడ్డం పైకెత్తి, సబ్బు రాయబోయి ఆగిపోయాడు. పటేలు దవడ కింద నుంచి గొంతు దాకా తెల్లటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి. వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"గివేంది పటేలా?"

"నేనే గీస్కున్న. చేయి జారింది."

"నీ ఇంట్ల కత్తి ఎన్నడున్నది?" అన్నాడు మామ. తర్వాత నావైపు తిరిగి నా దవడ చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎందుకు సెప్పకపోతిరి?"

పటేలు తల దించుకున్నాడు. "సెప్తే నువ్వు కత్తి దించుతవని. నువ్వు దించినంక యాదన్న ఎట్లున్నడో సూసినోళ్లమే గద."

మామ కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. కండువాతో తుడుచుకోబోతే బక్కమ్మ ఉరికొచ్చి శుభ్రమైన గుడ్డ అందించింది.

"మీరు నా మనసు కాపాడిండ్రు, మీ మెడలు కోపిచ్చుకొని," అన్నాడు. "నా బిడ్డ నా మనసు ఇరగ్గొట్టి కన్ను నిలవెట్టింది."

మళ్లీ సబ్బు అందుకున్నాడు. పటేలు గడ్డం నున్నగా, ఒక్క గీటు లేకుండా తేలింది. నాదీ అంతే. ఆ తర్వాత నాగరత్నం కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి చేతులు రెండూ పట్టుకుని, తండ్రి ముందుకు తల వంచింది.

పిల్లవాడు మొదటినుంచి చివరిదాకా గుక్కపట్టి ఏడ్చాడు. మామ తొందరపడలేదు. వాడు తల విదిలించినప్పుడల్లా కత్తి ఎత్తి, వాడు ఆగాక మళ్లీ పెట్టాడు. మాడు దగ్గరికి వచ్చేసరికి బక్కమ్మ ముఖం తిప్పుకుంది. నాగరత్నం మాత్రం కళ్లు తిప్పకుండా చూసింది. పని అయ్యాక మామ కత్తి కడిగి పక్కన పెట్టాడు. ఆమె కొడుకు గుండు మీద అరచేయి ఆనించి, నెమ్మదిగా చుట్టూ తిప్పి, ఆ చేయి తిరగేసి చూసుకుంది. తడి తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆ పిల్ల తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి, కొడుకుతో పోటీపడి ఏడ్చింది.