భుజం దాకా ఎత్తిన చెయ్యి

మా అక్కని చర్చిలో అందరూ చేతులక్క అంటారు. మా తమ్ముడికి పుట్టుచెవుడు. ఆదివారం వాడు ముందు బల్ల మీద కూర్చుంటే, అక్క వాడికి ఎదురుగా నిలబడి ప్రసంగమంతా సైగలతో చెబుతుంది. గంటన్నర ప్రసంగం! పాస్టరుగారికేం, మధ్యమధ్య మంచినీళ్ళు తాగి మళ్ళీ అందుకుంటారు. ఈవిడ ఆరు రోజులు లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టి, ఏడో రోజు ఇక్కడ చేతులు ఆడించాలి. "లోకాన్ని చేసినాయనే ఏడో రోజు నడుం వాల్చాడు కదే, నీకేం పుట్టింది?" అని నేను సతాయించేదాన్ని. అది వినీ విననట్టు మణికట్లకి నూనె రాసుకుని పడుకునేది.

నాకూ సైగలు వచ్చు. అన్నం, చిల్లర, తిట్లు, అంతవరకే. పాపక్షమాపణ, రక్షణ నా వల్ల కాదు.

అక్కకి ఒక మొండిపట్టు ఉంది. మాట మార్చదు. తమ్ముడు సైగల్లో 'నేను' అంటే ఇది నోటితో 'నేను' అనే పలుకుతుంది. ఒకసారి ఓ సంఘపెద్ద, దేవుడు తనకేం మేలు చేశాడో చెప్పే సాక్ష్యాన్ని జీడిపాకంలా సాగదీస్తున్నాడు. తమ్ముడు ఏదో సైగ చేశాడు. అక్క నిలబడి గట్టిగా, "నాకు నిద్రొస్తోంది, ఈయన ఎప్పుడు ఆపుతాడు?" అంది. చర్చంతా గొల్లుమంది. ఆయన ఏడాదిపాటు మాతో మాట్లాడలేదు. పీడా పోయింది అనుకున్నాం.

ఇంతా చేసి, అక్కకి దేవుడి మీద నమ్మకం లేదు. పదకొండేళ్ళుగా లేదు. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదీ అంటారు. అలాంటిదాన్ని ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నానంటే నాకే ఆశ్చర్యం.

అప్పట్లో మా బావకి కిడ్నీలు పాడయ్యాయి. సంఘమంతా నలభై రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. ముప్ఫై ఎనిమిదో రోజున పోయాడు. సమాధి దగ్గర పాస్టరుగారు, "దేవుడు తన తోటలో మంచి పువ్వునే ముందు కోసుకుంటాడు" అన్నారు. తమ్ముడు ఎదురుగా ఉన్నాడు మరి, వాడికి ఎవరు చెబుతారు? అక్కే చెప్పింది. మొగుడి పెట్టె పక్కన నిలబడి, పువ్వు, కోయడం, దేవుడు, మూడూ తన చేతులతోనే చెప్పింది. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "చిన్నదానా, ఆ మాట నా చేతులతో నేనే చెప్పానే. ఇంక నాకు ఆ దేవుడితో పని లేదు" అంది.

"మరి చర్చి మానెయ్యి."

"మానేస్తే వాడు గోడ కేసి చూస్తూ కూర్చోవాలి. వాడికి దేవుడు నా చేతుల్లోంచే కదా తెలిసింది. నేను నమ్మడం లేదని తెలిస్తే, ఇన్నేళ్ళూ చూసిందంతా అబద్ధమని వాడు కుప్పకూలిపోడూ?"

అదీ దాని భయం. మా తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. టిక్కు వినపడని వాడు గడియారం ఆడుతోందో లేదో గోటి కొన ఆనించి తెలుసుకుంటాడు. అంత సూక్ష్మమైనవాడికి ఎదురుగా నిలబడి ఇది పదకొండేళ్ళు నెట్టుకొచ్చింది. చూసి చూసి నాకే నీరసం వచ్చేది.

మొన్న ఓ ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో వాదన పెట్టారు. దేవుడున్నాడని పాస్టరుగారు, లేడని రిటైరైన లెక్కల మాస్టారు. ఇద్దరూ టీ కొట్టు దగ్గర పదేళ్ళుగా కొట్టుకుంటున్నవాళ్ళే, ఇప్పుడు మైకు పెట్టి తాడోపేడో తేల్చుకుంటారట. అక్కకి మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇద్దరి మాటలూ అదే చెప్పాలి.

మాస్టారు లేచారు. "నలభై రోజులు కడుపు మాడ్చుకుని అడిగినా పలకనివాడు ఉంటే ఎంత, లేకపోతే ఎంత?" అన్నారు. ఎవరి సంగతో ఆయనకి తెలియదు, మాటవరసకి అన్నారు. అక్క చేతులు చూశాను. అమ్మో! పొద్దున ప్రసంగంలో వేలాడిన చేతులేనా ఇవి? ఒక్కో సైగా గాలిని కోస్తోంది. 'కడుపు మాడ్చుకుని' అన్నచోట పిడికిలి పొట్టకి గుద్దుకుంది. అయిపోయింది, దొరికిపోయాం అనుకున్నాను. తమ్ముడు కదలకుండా దాని చేతులే చూస్తున్నాడు.

తర్వాత పాస్టరుగారు చాలాసేపు మాట్లాడారు. అక్క చేతులు మళ్ళీ చచ్చుబడ్డాయి. ప్రశ్నలుంటే అడగండి అన్నారు. మా తమ్ముడు లేచాడు.

వాడు నెమ్మదిగా సైగ చేశాడు. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. "మాట మార్చెయ్యవే, నీకు పుణ్యముంటుంది" అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. అది గొంతు సవరించుకుని, సభ వైపు తిరిగి మొదలుపెట్టింది.

"నాది ప్రశ్న కాదు. దేవుడు అనే మాటకి మా అక్క ఇదివరకు చెయ్యి నెత్తి పైదాకా ఎత్తేది. మా బావని పూడ్చిన రోజు నుంచి భుజం దాకానే ఎత్తుతోంది. తను నమ్మడం లేదని నాకు అప్పుడే తెలుసు."

హాల్లో గుసగుసలు లేచాయి. అక్క ఆగలేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం అలాగే ఉంది.

"నేను నమ్ముతున్నాను. చెప్పేవాళ్ళు నమ్మితేనే నేను నమ్ముతాననలేదు. మానెయ్యమని తనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు, మానేస్తుందేమోనని భయం. తప్పు నాదే. మీ ఇద్దరూ తొందరగా ముగించండి. మా అక్కకి మణికట్లు నొప్పి."

మాస్టారు మైకు కింద పెట్టేశారు. పాస్టరుగారు దిగివచ్చి అక్క ముందు నిలబడి, "ఆ రోజు సమాధి దగ్గర నేనన్న మాట..." అని ఆగిపోయారు. ఎవరు గెలిచారో ఎవరూ అడగలేదు. కుర్చీలు మడిచి ఇళ్ళకి పోయాం.

తర్వాతి ఆదివారం అక్క లేవలేదు. పదిన్నరదాకా పడుకుంది. తమ్ముడు ఒక్కడే తల దువ్వుకుని చర్చికి వెళ్ళాడు. అది లేచి, వాడు లేని మంచం చూసి, ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఒంటిగంటకి వాడు వస్తే గుమ్మంలోనే పట్టుకుని సైగ చేసింది. అది నాకూ అర్థమయ్యే సైగే.

"ఏమీ తెలియకుండా అంతసేపు ఎలా కూర్చున్నావురా?"

వాడు చెప్పులు విప్పి, దాని చేతులు రెండూ పట్టుకుని మణికట్ల మీద బొటనవేళ్ళతో కాసేపు నొక్కాడు. తర్వాత వదిలేసి సైగ చేశాడు.

"నువ్వు పదకొండేళ్ళు నమ్మకుండా నిలబడ్డావు. నేను వినకుండా ఒక్క పూట కూర్చోలేనా?"

అక్క నవ్వబోయి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా అది అంత ఏడవలేదు. నేను వెళ్ళి నూనె సీసా తెచ్చాను.