రాయని భాగానికి వచ్చిన చీటీ

దెయ్యాలను నేను నమ్మకపోవడానికి కారణం ధైర్యం కాదు, ఉద్యోగం. ముప్పై ఏళ్లు ఆర్మూర్ ప్రాంత విలేకరిగా పనిచేశాను. మాక్లూర్ దగ్గర పాడుబడ్డ ఇంట్లో ఏడుపు వినిపిస్తోందంటే వెళ్లి చూశాను. ఊడిపోయిన రేకు గాలికి కొట్టుకుంటోంది. నవీపేట్ వైపు నీళ్ల మీద దీపాలు నడుస్తున్నాయంటే అక్కడికీ వెళ్లాను. చేపలు పట్టేవాళ్ల టార్చిలైట్లు. నేను వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒక మామూలు కారణం దొరికింది.

దొరకనిది ఒక్కటే. అది మేమే రాసిన భయం కథతో మొదలైంది.

రిటైరయ్యాక ముగ్గురం కలిసి ఒక సీరియల్ మొదలుపెట్టాం. నేను, జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే సుజాత, మోటర్ వైండింగ్ చేసే రహమత్ భాయ్. రహమత్ చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కానీ అతను యంత్రం గురించి నాలుగు వాక్యాలు రాస్తే కాగితం గ్రీజు వాసన వేస్తుంది. మా పత్రికలో పనిచేసిన చాలామందికి లేని వరం అది.

కథ ఇది. ఒక ఊళ్లో దసరా నాడు అందరిలాగే పసుపు కొమ్ములను మోటరుతో తిప్పి మెరుగు పెట్టే పాలిష్ డ్రమ్ముకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతారు. ఆ ఏడు పంట విరగపండుతుంది. అప్పటి నుంచి వారం వారం కొడతారు. తర్వాత దానికి ఒక పూజారి, ఒక దీక్ష. డ్రమ్ము తిరిగే చప్పుడులో మాటలు వినిపిస్తున్నాయంటారు. చివరికి ఆ డ్రమ్ము దేవర మనిషిని బలి అడుగుతుంది.

మా షరతు ఒక్కటే. ఒకరి తర్వాత ఒకరు రాయాలి, ముందు ఏం జరగబోతోందో ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ప్రతి సోమవారం నేను ఒక భాగం టైపు చేయించి గ్రంథాలయం గోడకు అతికించేవాణ్ని. మిగతావాళ్లు కూడా అక్కడ గోడ మీదే చదవాలి. కింద తాళం వేసిన చెక్కపెట్టె. చదివినవాళ్లు తమ అభిప్రాయం చీటీ మీద రాసి అందులో వేయాలి. తాళంచెవి నా దగ్గరే ఉండేది.

ఆ చీటీలను ఇప్పటికీ నలుగురికీ చూపించుకుంటాను. మా ఆర్మూర్ పాఠకులు భయపడి ఊరుకునే రకం కాదు. 'ఖాళీ డ్రమ్ము గట్ల మోగుతది గని, కొమ్ములు పోసినంక బరబర అంటది. రాసేముందు ఒక్కసారి విని రాండ్రి' అని ఒకాయన. 'మేము గూడ మిషిన్లకు బొట్టు పెడ్తం. మమ్మల్నేనా అంటున్నది?' అని ఒకామె. 'నాకు భయం గాలె. పొద్దున పేపర్ల పసుపు ధర చూసినంక అయింది' అని ఇంకొకరు. ఒక్కో చీటీకీ వెనుక వైపు అందిన తేదీ, సమయం వేసి ఫైలులో పెట్టేవాణ్ని. విలేకరి అలవాటు.

నాలుగు భాగాలు అయ్యాయి. అయిదోది సుజాత వంతు. ఆదివారం తెచ్చి ఇచ్చింది. డ్రమ్ము పాడైతే బాగు చేయడానికి బయటి నుంచి ఒక మేస్త్రి ఊళ్లోకి వస్తాడు. ఆ ఒక్క వాక్యంతో భాగం ముగుస్తుంది. అంతకుముందు కథలో మేస్త్రి అనేవాడే లేడు.

సోమవారం పొద్దున పదిన్నరకు గ్రంథాలయానికి వెళ్లాను. అయిదో భాగం నా చేతి సంచిలోనే ఉంది, ఇంకా అతికించలేదు. ముందు పెట్టె తెరిచాను. తొమ్మిది చీటీలు. ఎనిమిదింటిని చూస్తూ చూస్తూ తేదీ వేసేశాను. తొమ్మిదోది గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం, నీలం బాల్‌పెన్ను.

'ఆరో భాగంల మేస్త్రి స్టార్టర్ బంద్ జేసి డ్రమ్ముల చొచ్చిండు. ఫీజులు తియ్యలే. గిది తప్పు. మొక్కినా మొక్కకున్నా మిషిన్ మిషినే. ఫీజులు తీసి జేబుల ఏసుకొని చొర్రుమనుండ్రి.'

రెండుసార్లు చదివాను. ఫీజులంటే ఫ్యూజులు, అవి తీసేస్తే మోటరుకు కరెంటే అందదు. ఆరో భాగం లేనే లేదు. మేస్త్రి నా సంచిలో ఉన్నాడు. తేదీ, సమయం వేశాను. దాన్ని మాత్రం ఫైలులో పెట్టకుండా జేబులో పెట్టుకున్నాను.

ముందు సుజాతను అడిగాను. మేస్త్రిని పుట్టించింది ఆమే కదా. "నేనా సార్? మా ఇంట్ల కరెంటు బుగ్గ పోతే మా ఆయననే పిలుస్త. ఫీజులు ఏడుంటయో గూడ నాకు తెల్వది" అంది. ఆమె అక్షరాలు నాకు తెలుసు. ఇవి అవి కావు. టైపు చేసిన వ్యక్తికి అయిదో భాగంలో మేస్త్రి వస్తాడని తెలుసు, అంతే. లోపల ఏం చేస్తాడో తెలియదు. గ్రంథాలయంలో ఎవరూ ఏమీ గమనించలేదు.

సాయంత్రానికి రహమత్ గోడ మీద అయిదో భాగం చదివి, చేతులు తుడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. సుజాత అప్పటికే అక్కడ ఉంది. ఆరోది అతని వంతు. ఆ ఒక్కరోజు షరతు తప్పాను. చీటీ సంగతి చెప్పకుండా, ఏం రాయబోతున్నావని అడిగాను.

"ఇంకేముంది సార్. మేస్త్రి స్టార్టర్ బంద్ జేసి డ్రమ్ముల దూరుతడు. దానంతట అదే తిరుగుతది. ఖతం."

అప్పుడు చీటీ చేతికిచ్చాను. చదివాడు. వెనక్కి తిప్పి నేను వేసిన సమయం చూశాడు. భయపడతాడనుకున్నాను. అతనికి కోపం వచ్చింది.

"ముప్పై ఏండ్ల సంది మోటర్లు కడుతున్న. గీయన నాకు నేర్పుతడా? స్టార్టర్ బంద్ జేస్తే సాలదా?"

సుజాత అతని వైపు నిదానంగా చూసింది. "కథల మేస్త్రి ముచ్చట పక్కన పెట్టు భాయ్. నువ్వెట్ల దూరుతవు?"

రహమత్ మళ్లీ చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అతను రోజూ ఎలా దూరుతాడో మా ఇద్దరికీ తెలిసిపోయింది. అది పసుపు పాలిష్ నడిచే కాలం. రోజుకు రెండు మూడు డ్రమ్ములు బాగుచేసి వస్తున్నాడు. ఆ క్షణం నుంచి నాకు కథ కంటే అతని చేతుల మీదే బెంగ పట్టుకుంది.

అప్పుడు అతను అసలు బాధ బయటపెట్టాడు. "ఫీజులు జేబుల ఉంటే ఇంక భయమేడిది మేడం? కథ సస్తది."

"జేబుల ఉన్నంక గూడ తిరిగితే?" అంది సుజాత.

రహమత్ చీటీని నా చేతికి తిరిగిచ్చి లేచాడు. శుక్రవారం షాపు మూసుకొని ఆరో భాగం రాశాడు. మేస్త్రి మూడు ఫ్యూజులూ తీసి చొక్కా జేబులో వేసుకొని, వాటిని ఒకసారి తడిమి చూసుకొని లోపలికి దూరుతాడు. మొత్తం సీరియల్‌లో అంత మంచి భాగం ఇంకోటి లేదు. ఆ వారం పెట్టె నిండిపోయింది. కాలేజీ పిల్లలు గోడ ముందు నిలబడి ఆ పేజీని ఫోటో తీసుకున్నారు. పాఠకుడి మాట విని తన రాతను దిద్దుకున్న ఆ మనిషిని చూసి నేను పొంగిపోయాను. నా వృత్తిలో అది చాలామందికి చేతకాలేదు. నాకూ చాలాకాలం చేతకాలేదు.

రెండు వారాల తర్వాత ఏర్గట్ల నుంచి గంగారెడ్డి అనే రైతు రహమత్‌ను పిలిపించాడు. డ్రమ్ము లోపలి ఇనుప జాలీ ఊడిపోయింది. రహమత్ స్టార్టర్ ఆపి దూరబోతుంటే గంగారెడ్డి నవ్వాడట. ఆర్మూర్ వచ్చినప్పుడు గోడ మీద కథ చదివాడు. "ఏందే మేస్త్రీ, కథలైతే ఫీజులు తీస్తివి. మా డ్రమ్ము దేవర గాదనా?"

అక్కడున్న అందరూ నవ్వారు. రహమత్ కూడా నవ్వుకుంటూ మూడు ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. నడుము దాకా లోపలికి దూరి పని మొదలుపెట్టాడు.

కొంతసేపటికి బయట స్టార్టర్ బటన్ టక్కుమంది. ఆగి మళ్లీ. ఇంకోసారి. డ్రమ్ము కదలలేదు.

మిగతావాళ్లు నీడకు వెళ్లిన సమయంలో, పక్క కళ్లం నుంచి అప్పుడే వచ్చిన రాజవ్వ అనే కూలీ ఆ మూడుసార్లూ ఒత్తింది. డ్రమ్ము తలుపు అవతలి వైపు ఉంది. అందులో మనిషి ఉన్నట్టు ఆమెకు కనిపించలేదు. "పని అయిపోయిందనుకున్న బిడ్డా, కరెంటే లేదనుకున్న" అని తలబాదుకుని ఏడ్చింది. రహమతే ఆమెకు నీళ్లు తాగించాడు.

మధ్యాహ్నం నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా జేబులోంచి మూడు పింగాణీ ఫ్యూజులు తీసి నా బల్ల మీద పెట్టాడు. తిరిగి బిగించడం మర్చిపోయి అలాగే వచ్చేశాడు. అంతలో గంగారెడ్డి ఫోన్. "మా ఫీజులు పట్టుకపోయిండు సార్, మీ రచయిత!" నేను నవ్వాను. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ చీటీ రాసినవారు దయచేసి కలవండి అని రహమత్ తన చేత్తోనే రాసి గోడకు అతికించాడు. ముగ్గురు వచ్చారు. ఎవరికి వారు నేనే రాశానన్నారు. రాయించి చూస్తే ఒక్కరి అక్షరం కూడా కలవలేదు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. ఒక చీటీ నాదేనని చెప్పుకోవడానికి మనుషులు పోటీపడే ఊరు మాది.

నాకు తెలిసిన పద్ధతులన్నీ వాడి చూశాను. కాగితం ఏ దుకాణంలోనైనా దొరికేదే. తాళం ఎవరూ ముట్టుకోలేదు. ఇంకా ఎవరి తలలోనూ లేని ఒక పేజీని ఎవరో చదివారు. అందులో తప్పు పట్టారు. ఎవరు, ఎలా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

రహమత్ ఆ సంగతి ఆలోచించడం మానేశాడు. "ఎవలైతేంది సార్. మన కథను మనకన్న మంచిగ చదివిండు" అంటాడు.

ఇప్పుడు తొమ్మిదో భాగం అతని వంతు. ఇంకా ఒక్క ముక్కా మొదలుపెట్టలేదు. రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసి, పెట్టెలో ఏమన్నా వచ్చిందా అని అడుగుతున్నాడు. ఏమీ రాలేదంటే, "మంచిగ చూడుండ్రి సార్, మూలకు గిట్ల ఉంటది" అంటున్నాడు.