బోల్టులకు ఊరగాయ పెట్టిన మనిషి

నిన్న చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే షెడ్డు మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తున్నాం. బోల్టుకు తొడగబోయిన రబ్బరు వాషరు ఎండకు కాగి గుప్పున వాసన కొట్టింది. ఆ వాసనకు మా కుర్రాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకైతే మా జీవరత్నం సార్ పక్కనే నిలబడి, "వాసన చూస్తే ఏం తెలుస్తుందమ్మాయ్? గోరుతో గిల్లి చూడు" అని గదమాయించినట్టే ఉంటుంది. గిల్లాను. గాటు పడి వెంటనే పూడిపోయింది. మంచి రబ్బరే.

సార్‌ది పెదపారుపూడి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక గుడివాడలో సోలార్ షాపు పెట్టారు. మనిషి ఎంతో గొంతు అంత. ఆయన షాపులో కూర్చుని కీర్తన ఎత్తుకుంటే ఎదురుగా టీ కొట్టాయన రేడియో కట్టేసేవాడు. నేను పెడన నేతవాళ్ల పిల్లని. డిప్లొమా పట్టుకుని ఉద్యోగానికి వెళ్తే నా మార్కులు ఆయన చూడనే లేదు. "రేకుల కప్పు ఎక్కితే కాలెక్కడ పెడతావ్?" అని అడిగారు. మా మగ్గాల షెడ్డు కప్పు ఎక్కడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. "బోల్టులున్న వరసలోనండీ. దాని కిందే ఇనప పైపు ఉంటుంది" అన్నాను. "రేపొచ్చెయ్" అన్నారు. అంతే ఇంటర్వ్యూ.

ఆయనకొక పిచ్చి ఉండేది. కంపెనీల వాళ్లు శాంపిల్‌కి తెచ్చిన బోల్టులు, క్లాంపులు అన్నీ మాగాయ ఊటలో వేసి నానబెట్టేవారు. బందరు, దివిసీమ గాలిలో ఉన్న ఉప్పుకు ఇనుము ఎన్నాళ్లు ఆగుతుందో తెలియాలంటే అదే పరీక్ష అనేవారు. వాళ్లావిడ, నేను అత్తయ్యగారూ అని పిలిచే ఆవిడ, వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని వాపోయేది: "ఇంట్లో మనుషులకి పచ్చడి లేదు గానీ ఈయన ఇనుముకి ఊరగాయ పెడుతున్నాడమ్మా!" ఒకసారి ఒక ఏజెంటు, తమ బోల్టుకు సర్టిఫికెట్ ఉందని వాదానికి దిగాడు. "అయితే దాన్నీ జాడీలో వేసి చూద్దాం, ఇలా ఇవ్వండి" అన్నారు సార్. వేసవి దాటేసరికి కొన్ని ఎర్రగా తుప్పు పట్టి పొట్టు రాలేవి, కొన్ని వేసినవి వేసినట్టే ఉండేవి. ఆ ఉన్నవే మా షాపులోకి వచ్చేవి.

దివిసీమలో, అవనిగడ్డ అవతల ఒక పేటలో రేకుల చర్చి ఉంది. గాలివాన వస్తే ఆ పేట పేటంతా అందులోనే తలదాచుకుంటుంది. కరెంటు పోయినా లోపల దీపం వెలగాలని సోలార్ పెట్టించుకోవాలనుకున్నారు. మేం వెళ్లి కప్పు చూస్తుంటే స్త్రీల సమాజం పెద్ద కాంతమ్మగారు నిచ్చెన పట్టుకుని నిలబడిపోయింది.

"బాబూ, మా ఆడాళ్లు పూటపూటా ఎసట్లో బియ్యం పోసేటప్పుడు గుప్పెడు దేవుడి పేరిట తీసి పక్కన పెట్టారు. ఆ బియ్యం అమ్మి కొన్న రేకులండీ ఇయ్యి. ప్రతిష్ఠ కూడా అయిపోయింది. వీటికి చిల్లులు పొడుస్తానంటే మేం ఒప్పుకోం."

అంతకుముందే ఎవరో వచ్చి, చిల్లు లేకుండా జిగురు పట్టీలతో రేకుకే అతికించేస్తామని చెప్పి వెళ్లారట. సంఘం అంతా అటే మొగ్గింది. నాకు ఒళ్లు మండింది. సార్ మాత్రం గొంతు తగ్గించి మాట్లాడారు. "జిగురు రేకుని పట్టుకుంటుందమ్మా. గాలొచ్చినప్పుడు రేకుని ఎవరు పట్టుకుంటారు? ప్యానెల్ తెరచాపలా లేస్తే మీ రేకుని కూడా లాక్కునే పోతుంది. అప్పుడు కింద ఎవరుంటారు?"

కాంతమ్మగారు నిచ్చెన వదల్లేదు. పాపం, ఆవిడను బతిమాలుకుంటే తప్ప మేం పైకి ఎక్కలేకపోయాం.

పైన సార్ ఒక్కో బోల్టు దగ్గరా వంగి చూశారు. రేకుల్ని పైపులకు పట్టి ఉంచే కొక్కేల బోల్టులు అప్పటికే తుప్పెక్కాయి, వాషర్లు బీటలిచ్చాయి. "చిల్లులు ఉండనే ఉన్నాయి కదమ్మాయ్! ఈ పాతవి తీసేసి, అదే కంతలో పొడవాటి స్టెయిన్‌లెస్ కొక్కెం వేద్దాం. కింద పైపుని పట్టుకుంటుంది, పైన ప్యానెల్ కూర్చునే మన పట్టాని మోస్తుంది" అన్నారు. రేకు ముడతల్లో ఎత్తు మీదే ఆ కంతలున్నాయి కాబట్టి నీళ్లు నిలిచే బెడదా లేదు. కొత్త చిల్లు అక్కర్లేదనేసరికి సంఘం ఒప్పుకుంది, సామాను తెచ్చి పని మొదలుపెట్టాం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ ప్యానెల్ కొలతను బట్టి చిల్లు వేస్తే మేం చిల్లును బట్టి ప్యానెళ్లు పేర్చాం. వరస మధ్యలో ఎడం వచ్చింది. పళ్లూడిన నోరులా ఉందని నేను గొణిగితే, "అందాల పోటీకి పంపట్లేదులే" అన్నారు.

అన్నీ కుదిరాయి గానీ, గాలి ఎక్కువగా తగిలే చివరి మూలలో ఒక్క కొక్కేనికి పాత కంత దొరకలేదు. పైపు ఉంది, రేకుకే చిల్లు లేదు.

"ఎత్తు మీద కొట్టేద్దాం సార్. కింద నుంచి ఎవరికీ కనబడదు" అన్నాను.

"కనబడకపోతే అడగక్కర్లేదా?" అంటూ దిగిపోయారు. నడుం పట్టుకుని దిగి, చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ల ముందు నిలబడ్డారు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు: ఒకే ఒక్క కొత్త చిల్లు కావాలి, అది లేకపోతే ఆ మూల మీద నాకు నమ్మకం లేదు, మీరు వద్దంటే ప్యానెళ్లన్నీ దింపుకుని వెళ్లిపోతాను. వాళ్లలో వాళ్లకు పెద్ద రభసే అయింది. ఆఖరికి కాంతమ్మగారు లేచింది.

"గాలికి రేకే ఎగిరిపోతే మా గుప్పెడు బియ్యం గంగలో కలిసినట్టేగా! పొడవండి బాబూ. అయితే ప్రార్థన చేసి పొడవండి."

నిచ్చెన మీద డ్రిల్లు పట్టుకుని, కళ్లు మూసుకుని నేనూ నిలబడ్డాను. మాది గుడికెళ్లే ఇల్లు, తెలిస్తే నవ్వేవాళ్లు. ఆమెన్ అనగానే మీట నొక్కాను.

ఆ ఏడు వానాకాలం చివర్లో తుఫాను పట్టింది. దివిసీమకు ఫోన్లు తెగిపోయాయి. తెల్లారి, పొద్దెక్కాక కాంతమ్మగారు ఎవరి ఫోన్ నుంచో మాట్లాడింది. "అమ్మాయ్, రేకు కదల్లేదమ్మా! పేటంతా దాని కిందే ఉన్నాం. బాలింతని కూడా మంచంతో సహా మోసుకొచ్చాం. రాత్రంతా దీపం వెలుగుతానే ఉంది."

వెంటనే సార్‌కి ఫోన్ చేశాను. ప్యానెళ్ల గురించి అడుగుతారనుకున్నాను. "మనుషులు?" అన్నారు. అందరూ క్షేమం అన్నాను. అంత పెద్ద గొంతు మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

"రాత్రంతా కూర్చునే ఉన్నానమ్మాయ్. నా లెక్క తప్పి ఆ కప్పు పసిపిల్లల మీద పడితే ఏం మొహం పెట్టుకుని బతకను?"

నేను నివ్వెరపోయాను. అంత ధీమాగా మాట్లాడే మనిషికి అనుమానమనేదే ఉండదని నమ్మాను మరి. ఆ ధీమా మాకోసం. అనుమానం మాత్రం ఎవరికీ పంచకుండా తానే మోశారు.

సార్ పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు బందరులో నాకూ ఒక షాపుంది. బోల్టులు ఎంచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, అది చెప్పుకోవడానికి నాకు గర్వం. కానీ ఆయన దగ్గర నాకు దొరికిన అసలు ఆస్తి వేరే ఉంది. సముద్రం వైపు నుంచి గాలి లేచిందంటే నేను బిగించిన కప్పులన్నీ, వాటి కింద పడుకున్న వాళ్లందరూ కళ్ల ముందుకొస్తారు. ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. పట్టనందుకు ఆయనకు దండం పెట్టుకుంటాను.